అవతలి చెవి

మా వీధిలో ఒక అమ్మాయికి ఈ మధ్య ఫోన్లో జనంతో మాట్లాడే ఉద్యోగం వచ్చింది. రోజంతా తిట్లు తింటున్నానని చెప్పి, "మీరూ ఇలాంటి పనే చేశారట కదా, ఏమైనా చెప్పండి" అని అడిగింది. అప్పటికి తోచిన రెండు ముక్కలు చెప్పి పంపాను. ఆమె వెళ్లిపోయాక అసలు చెప్పవలసినవి గుర్తుకొచ్చాయి.

నేను టెలిఫోన్ శాఖలో ఆపరేటర్‌గా చేరి, సూపర్‌వైజర్‌నై, చివరి పదేళ్లు ఖమ్మం నుంచి భద్రాచలం అడవి దాకా ఉన్న ఎక్స్ఛేంజీలు తిరిగి ఆపరేటర్లకు శిక్షణ ఇచ్చాను. ఏ పదోన్నతి ఎప్పుడు వచ్చిందో రాయను. కోపం, దుఃఖం, అవమానం ఉద్యోగంలోకి ఎలా వస్తాయో, వాటితో ఏం చేయాలో నేను నేర్చుకున్నంత వరకు రాస్తాను.

నంబరు తిప్పగానే పలికే రోజులు కావవి. ఎవరైనా ఇంట్లో రిసీవర్ ఎత్తితే మా బోర్డు మీద చిన్న దీపం వెలిగేది. పొరుగూరికి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేయాలి. మేము టికెట్ మీద రాసుకుని, అవతలి ఊరి ఆపరేటర్‌ను పిలిచి, వాళ్లు లైను ఇస్తే ప్లగ్గు పెట్టి కలిపేవాళ్లం. ఆపరేటర్లం ఒకరినొకరం ఊరి పేరుతోనే పిలుచుకునేవాళ్లం. "ఏం వైరా, తిన్నవా?" అనీ, "పాల్వంచా, నీ లైను గరగరమంటాంది" అనీ. ఏళ్ల తరబడి రోజూ మాట్లాడుకున్న మనిషిని ఒక్కసారీ చూసి ఉండేవాళ్లం కాదు. గొంతును బట్టి మనిషిని ఊహించుకునేవాళ్లం. మా గొడవల్లో సగం ఆ ఊహల వల్ల వచ్చినవే.

ఇక్కడ రాసే మనుషుల పేర్లు, రెండు ఊళ్ల పేర్లు మార్చాను. అడవి అంచున ఉన్న మా ఎక్స్ఛేంజిని రేగులగూడెం అంటాను. మాకూ మిగతా లోకానికీ మధ్య ఉన్న పెద్ద ఎక్స్ఛేంజిని కోటపాడు అంటాను. మా నుంచి ఏ కాల్ వెళ్లాలన్నా కోటపాడు దాటాల్సిందే.

ముందు నా తప్పు

ఎనభైల మొదట్లో నా భర్త పోయారు. హైస్కూల్లో తెలుగు మాస్టారు. ఇంటి నిండా ఆయన పుస్తకాలే. నెల తిరక్కుండా డ్యూటీకి వచ్చాను. ఇంట్లో ఎలా ఉన్నా ఆఫీసులో మామూలుగానే ఉన్నానని అనుకున్నాను. ఎవరూ కాదనలేదు కాబట్టి అది నిజమని నమ్మాను.

సూపర్‌వైజర్ బల్ల మీద ఒక హెడ్‌సెట్ ఉండేది. ఆపరేటర్లు ఏం మాట్లాడుతున్నారో దాంట్లో వినవచ్చు. నేను విని, తప్పులు నోటుబుక్కులో రాసి, షిఫ్టు మారేటప్పుడు అందరి ముందు చదివేదాన్ని. అదే క్రమశిక్షణ అనుకునేదాన్ని.

అప్పుడు రాజమణి కొత్తగా చేరింది. బొగ్గుగని కార్మికుడి కూతురు. తండ్రి ఊపిరితిత్తులు చెడి పని మానేశాడు. ఇల్లంతా ఆమె జీతం మీదే నడుస్తోంది. ఇంకా ప్రొబేషన్‌లో ఉంది, అంటే ఉద్యోగం ఖాయం కాలేదు. ఒకరోజు ఒక రైసుమిల్లు యజమాని కాల్ ఆలస్యమైందని ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమె బోర్డు ముందే ఏడ్చింది. ఆ ఏడుపులో తరువాతి రెండు దీపాలకు ఆలస్యంగా పలికింది. నేను అది కూడా రాసుకుని సాయంత్రం అందరి ముందు చదివాను. డ్యూటీలో ఏడవడం ఏమిటని అడిగాను.

రాజమణి తల దించుకోలేదు. "అవ్ మేడమ్, ఏడ్చిన. మీరు ఇంట్ల ఏడ్చి వస్తరు, నేను ఈడ ఏడ్చిన. గంతే ఫరక్."

నేను మెమో రాస్తానని చెప్పి లేచిపోయాను.

మా జూనియర్ ఇంజినీరు వెంకటనర్సయ్య గారికి ఈ సంగతి తెలిసింది. లైన్‌మన్‌గా చేరి, స్తంభాలెక్కి, పైకి వచ్చిన మనిషి. నన్ను మందలించలేదు. "రేపు ఒక గంట నువ్వే బోర్డు మీద కూసో అమ్మా. నేను వింట" అన్నారు. మర్నాడు నా వెనక కూర్చుని విన్నారు. గంట తరువాత ఒక కాగితం ముక్క చూసి చదివారు. "తొమ్మిది మందికి లైను బిజీ అన్నవు. తొమ్మిది మందికి ఒకటే తీరుగ అన్నవు. అండ్ల ఒకామె, మా తమ్ముడు దవాఖానల ఉన్నడమ్మా అన్నది. నీకు వినపడ్డదా?"

నాకు వినపడలేదు. ఎంత తలచుకున్నా ఆ గొంతు గుర్తుకు రాలేదు.

ఆయన ఏ సలహా ఇవ్వలేదు. రేపు మళ్లీ ఒక గంట అన్నారు. అలా పది రోజులు. రోజూ ఆయన విన్నది మాత్రమే చెప్పేవారు. మంచి అని గానీ చెడు అని గానీ అనేవారు కాదు. నా గొంతు ఎలా ఉందో ఇంకొకరి నోట వినడం కష్టంగా ఉండేది. నేను దాచుకున్నాననుకున్న దుఃఖం రోజుకు వందమంది చెవుల్లో పడుతోందని అప్పుడు తెలిసింది. తరువాత నేను చదివిన శిక్షణ పుస్తకాల్లో ఈ పద్ధతికి పెద్ద పేర్లున్నాయి. ఆయన పద్ధతికి పేరు లేదు. ఆయనా లేరిప్పుడు.

పదకొండో రోజు షిఫ్టు మారేటప్పుడు రాజమణికి క్షమాపణ చెప్పాను. తప్పు నలుగురిలో పట్టాను కాబట్టి క్షమాపణ కూడా నలుగురిలోనే చెప్పాలనిపించింది. ఆమె ఇబ్బందిగా కదిలి, "సరే తియ్యండి మేడమ్, చాయ్ చల్లారుతాంది" అంది.

కొత్తగా పైఅధికారులయ్యేవాళ్లకు ఒక్కటి చెబుతాను. మనిషిని అందరి ముందు తప్పుపడితే ఆ మనిషి నేర్చుకునేది ఆ తప్పు దిద్దుకోవడం కాదు, మీకు దొరక్కుండా ఉండడం. దీనికి మినహాయింపు నేను చూడలేదు.

గొంతుల పగ

ఆ మరుసటి ఏడు రాజమణికీ కోటపాడుకూ పడకుండా పోయింది. కోటపాడు అంటే అక్కడి ఆపరేటర్ సుధాకర్. సత్తుపల్లి వైపు కుర్రాడు, మాటలో కోస్తా మెత్తదనం ఉంది. ఒకరోజు రాజమణి ఏదో అడిగితే, అతను ఆమె యాసను అలాగే దించి "ఏందీ, గట్లనా?" అన్నాడట. పక్కనున్నవాళ్లు నవ్వడం ఆమెకు లైన్లో వినిపించింది. ఆ రోజు నుంచి కోటపాడు దీపం వెలిగితే ఆమె అన్నిటికన్నా చివర పలికేది. అతను ఆమె టికెట్లను కట్టలో అడుగున పెట్టేవాడు. ఇద్దరూ నియమం దాటలేదు. ఏ కాగితం మీదా పట్టుకోవడానికి లేదు. కానీ మా ఊరి కాల్స్ గంటలు గంటలు ఆగిపోయేవి.

ఒక మధ్యాహ్నం మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు, జ్వరంతో ఫిట్స్ వచ్చిన పాపను తరలించడానికి జీపు కోసం కాల్ బుక్ చేశాడు. కలవడానికి గంటంపావు పట్టింది. చివరికి ఆ పాపను ఎడ్లబండి మీద తీసుకెళ్లారు. బతికింది. డాక్టరు మా డివిజన్ అధికారికి ఘాటైన ఉత్తరం రాశాడు.

అధికారి నన్ను పిలిపించారు. ఆయన చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "ఆ అమ్మాయి ప్రొబేషన్ ఈ నెలాఖరుకు అయిపోతుంది. ఖాయం చేయను. ఇంటికి పంపేస్తాను" అన్నారు. కోటపాడులో ఉన్న అతని సంగతేమిటని అడిగాను. అతను పర్మనెంటు, తీయడం కుదరదన్నారు. అంటే ఇద్దరి తప్పుకు, తీయడానికి వీలైన మనిషి బలి. నాకు నెలాఖరు దాకా గడువిమ్మని అడిగాను. "ఇస్తాను. కానీ రిపోర్టు రాసిపెట్టాను. అది మార్చడానికి నాకో కారణం చూపించండి" అన్నారు.

ఆ మాట రాజమణికి చెప్పాను. దాచలేదు. ఆమె అంది: "మా నాయన మందులు ఈ నౌకరి మీదనే ఉన్నయి మేడమ్. గాని వాని ముందట మాత్రం వంగ." వంగమని నేనూ అడగలేదు.

ఆ వారమే, మా అదృష్టమో ఏమో, ఒక శిక్షకుడు హైదరాబాదు నుంచి వచ్చాడు. తెర మీద బొమ్మలు వేసి, ఫోన్లో మాట్లాడేటప్పుడు చిరునవ్వుతో మాట్లాడితే అవతలివాళ్లకు తెలుస్తుందని చెప్పాడు. రాజమణి చేయెత్తింది. "సార్, మిల్లు సేటు బూతులు తిట్టేటప్పుడు సుత నవ్వాల్నా?" ఆయన అవునన్నాడు. "గప్పుడు నవ్వితె ఇంకో నాలుగు ఎక్కువ తిడ్తడు సార్." తరగతి అక్కడితో ముగిసిందనే చెప్పాలి. ఆ శిక్షకుడు చెప్పింది పూర్తిగా తప్పు కాదు. కాని ఆయన ఎప్పుడూ హెడ్‌సెట్ పెట్టుకుని ఎనిమిది గంటలు కూర్చోలేదు. మా బోర్డు దగ్గరికి వచ్చి చూడను కూడా లేదు.

ఆదివారం గది

నేను, వెంకటనర్సయ్య గారు వేరే దారి ఆలోచించాం. పాల్వంచలో ఒక స్కూలు గది ఆదివారం అడిగి తీసుకున్నాం. నాలుగైదు ఎక్స్ఛేంజీల నుంచి సెలవులో ఉన్న ఆపరేటర్లను రమ్మన్నాం. అక్కడి పవర్ హౌస్ కార్మికులను తెచ్చే షిఫ్టు బస్సుల్లో నిలబడి వచ్చారు అందరూ. ఆయన మూలన పడున్న రెండు పాత బోర్డులు తెచ్చి, రెండు గదుల మధ్య తీగ లాగి పెట్టారు.

వచ్చినవాళ్లను ముందు పేర్లు చెప్పవద్దన్నాను. గోడ వైపు తిరిగి మామూలుగా డ్యూటీలో పలికినట్టు పలకమన్నాను. గొంతు వినగానే ఒకరినొకరు గుర్తుపట్టి, వెనక్కి తిరిగి, మనిషిని చూసి నోరు తెరిచారు. వైరా గొంతు సన్నగా ఉండేది. మా అమ్మాయిలంతా అతన్ని "తమ్ముడూ" అని పిలిచి పనులు చెప్పేవారు. తీరా చూస్తే బట్టతల, చేతికర్ర లేదు గానీ మనవలున్న మనిషి. "ఇన్నేండ్లు తమ్మీ తమ్మీ అంటుంటే పానం హాయిగ ఉండె. ఇయ్యాల్టితోటి చెడగొట్టిండ్రు" అన్నాడు. గదిలో నవ్వులు కాసేపు ఆగలేదు.

సుధాకర్‌ను రాజమణి గుర్తుపట్టింది. నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

మా ఆపరేటర్లందరికీ ఒక అలవాటుండేది. కోపమొస్తే ప్లగ్గును లాగి పీకేవాళ్లం. చేత్తో ఏదో విసిరికొట్టినట్టు ఉండి మనసు చల్లబడేది. సబ్‌స్క్రైబర్‌ను తిట్టకూడదు, అవతలి ఆపరేటర్‌ను తిట్టకూడదు, ప్లగ్గును పీకితే ఎవరూ ఏమనరు. అందరం చేశాం. నేనూ చేశాను.

వెంకటనర్సయ్య గారు రాజమణిని రెండో గదిలో బోర్డు దగ్గర కూర్చోబెట్టి హెడ్‌సెట్ ఇచ్చారు. ఇటు గదిలో లైను కలిపి, ఆమె వింటుండగా ప్లగ్గును పట్టి లాగారు. ఆమె హెడ్‌సెట్ చెవి మీది నుంచి లాగి పారేసి ఇటు గదిలోకి వచ్చింది.

"ఏంది సార్ ఇది? చెవుల తుపాకి పేల్చినట్టు."

"రోజు నువ్వు పంపేదే బిడ్డా" అన్నారాయన.

సుధాకర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "రోజుకు పదిసార్లండీ" అన్నాడు నాతో. "సాయంత్రానికి ఈ చెవి గుయ్యిమంటూ ఉంటుంది. ఇంట్లో మా ఆవిడ పిలిచినా వినపడదు." ఎవరికైనా చెప్పావా అని అడిగాను. నామోషీ అనిపించి చెప్పలేదన్నాడు. ఆమె కావాలనే తన చెవికి గురిపెట్టి చేస్తోందని ఏడాదిగా నమ్మాడు. ఆమెకేమో ఆ చప్పుడు అవతలికి వెళ్తుందన్న సంగతే తెలియదు.

అక్కడితో ఆపి ఉంటే సగం పనే అయ్యేది. నేను సుధాకర్‌ను అడిగాను, ఆ రోజు ఆమె యాసను ఎలా దించాడో ఇప్పుడు ఆమె ముందు దించమని. అతను "ఏందీ" అన్నాడు. రెండో మాట రాలేదు. "ఆటపట్టించాననుకున్నానండీ" అన్నాడు.

రాజమణి అతని వైపు తిరిగింది. "ఆటైతే ఇద్దరు నవ్వాలె. నేను మాట్లాడేది మా నాయన మాట. బొగ్గుబాయిల దమ్ము పోగొట్టుకున్న మనిషి మాట. నువ్వు ఎక్కిరిస్తె ఆయన్ని ఎక్కిరించినట్టే నాకు."

అతను క్షమించమని అడిగాడు. ఆమె తన ప్లగ్గు సంగతికి అడిగింది. ఇద్దరూ ఆ రోజు స్నేహితులేమీ కాలేదు. విడివిడిగా కూర్చునే భోంచేశారు. సాయంత్రం బస్సెక్కే ముందు ఒక ఒప్పందం చేసుకున్నారు. ప్లగ్గు తీసే ముందు "తీస్తున్నా" అని చెప్పాలి. లైను ఇవ్వలేకపోతే ఎందుకు ఇవ్వలేకపోతున్నారో చెప్పాలి. అంతే.

ఒక్క ఆదివారంతో మనిషి మారడు. ఈ మాట శిక్షణలు పెట్టేవాళ్లు గుర్తుంచుకోవాలి. ఆ తరువాత మూడు వారాలు రోజూ పావుగంట రాజమణి పక్కన కూర్చున్నాను. విన్నది మాత్రమే చెప్పాను. మొదటి వారం ఆమె మూడుసార్లు ప్లగ్గు పీకింది. పీకగానే తనే చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్లీ లైను పెట్టి, "కోటపాడు, తప్పయింది" అంది. రెండో వారం నుంచి ఆ అవసరం రాలేదు.

వాగు పొంగిన రోజు

నెలాఖరున, ముసురు పట్టిన ఒక ఉదయం, అధికారి మా ఎక్స్ఛేంజికి తనిఖీకి వచ్చారు. ఆయన సంచిలో రాజమణి రిపోర్టు ఉంది. వచ్చి కూర్చున్నారో లేదో ఆరోగ్య కేంద్రం దీపం వెలిగింది. నేను రెండో హెడ్‌సెట్ ఆయన చేతికిచ్చాను. కావాలనే ఇచ్చాను. ఏమవుతుందో నాకూ తెలియదు.

అడవిలో ఒక గూడెంలో వాంతులు, విరేచనాలు. జనాన్ని మంచాల మీద మోసుకొస్తున్నారు. సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. దారిలో వాగు పెరుగుతోంది. వాగు మీద దాటే చప్టా మునిగితే ఇక మందుల జీపు రాదు. డాక్టరు అరుస్తున్నాడు. పోయినసారి పాపకు చేసినట్టు చేస్తే ఈసారి ఊరుకోనన్నాడు. ఒకప్పటి రాజమణి ఆ మాటకు ఏడ్చేది, లేదా పీకేసేది. ఇప్పుడు ఆయన్ని మొత్తం మాట్లాడనిచ్చింది.

"సార్, ఎన్ని సీసాలు, వాగు ఎంతసేపట్ల ఎక్కుతది, గివి చెప్పండి. ఫోన్ మాత్రం పెట్టకుండ్రి. నేను ఈడనే ఉంట."

చెప్పాడు. రెండు గంటల కంటే ఎక్కువ వ్యవధి లేదు. ఆమె కోటపాడును పిలిచింది. సుధాకర్ దగ్గర అప్పటికే రెండు అర్జెంటు కాల్స్ నడుస్తున్నాయి. "వాళ్లకు చెప్పి తీస్తా. ఒక్క నిమిషం రేగులగూడెం, నువ్వు తీయకు" అన్నాడు. నిమిషం లోపే లైను ఇచ్చాడు. జిల్లా మందుల స్టోరులో ఎవరూ ఎత్తలేదు. అతను ఊరుకోకుండా పాల్వంచను పట్టుకున్నాడు. పాల్వంచ ఆపరేటర్, ఆ ఆదివారం మాతో కలిసి అన్నం తిన్నామె, అక్కడి దవాఖానా నంబరు తనే వెతికి కలిపింది. వాన వల్ల డాక్టరు గొంతు అంత దూరం చేరలేదు. రాజమణి ఆయన చెప్పిన ప్రతి మాటను తిరిగి పలికింది, తొందర లేకుండా, ఒక్కటీ వదలకుండా.

మధ్యలో మిల్లు యజమాని దీపం వెలిగింది. ఆయన మొదలుపెట్టేలోగానే ఆమె చెప్పింది: "సేటూ, గూడెంల మనుషులకు పానం మీదికొచ్చింది. పావుగంట ఆగుండ్రి, నేనే పిలుస్త." ఆయన సరేనన్నాడు. ఆ మనిషి సరే అనడం మేమెవరమూ అంతకుముందు వినలేదు. పావుగంటకు ఆమె నిజంగానే పిలిచింది.

పాల్వంచ దవాఖానా నుంచి సీసాలు తెచ్చిన జీపు చప్టా దాటిందని మధ్యాహ్నం కబురొచ్చింది. ఆ తరువాత గంటలోపే వాగు దాన్ని ముంచింది. ఆ రోజు ఆరోగ్య కేంద్రానికి చేరినవాళ్లందరూ తమ కాళ్ల మీద ఇళ్లకు వెళ్లారు. డాక్టరు రెండో ఉత్తరం రాశాడు. మొదటిదాని కంటే పొడుగ్గా.

అధికారి హెడ్‌సెట్ తీసి బల్ల మీద నెమ్మదిగా పెట్టారు. సంచిలోంచి రిపోర్టు తీసి, చింపి, కొత్త కాగితం అడిగారు. "ఏం నేర్పారు ఈమెకు?" అని నన్నడిగారు. అవతలి చెవిలో ఒక పూట కూర్చోబెట్టామని చెప్పాను. ఆయన ఖాయం చేయమని సిఫారసు రాసి సంతకం పెట్టి, కాగితం రాజమణికే చదవమని ఇచ్చారు.

ఆమె రెండుసార్లు చదివింది. తరువాత, తండ్రికి చెప్పడానికి ఒక కాల్ కావాలంది. బోర్డు మీద నుంచే మాట్లాడమన్నారు అధికారి. ఆమె ఒప్పుకోలేదు. షిఫ్టు దిగి, ముందు గదిలో జనం వాడే బూత్‌కు వెళ్లి, అందరిలాగే చీటీ రాసి కాల్ బుక్ చేసింది. బోర్డు మీద నేను కూర్చున్నాను. ఆమె ముందు ఆరుగురున్నారు. వాళ్ల కాలనీలో ఫోను ఉన్న కిరాణా కొట్టు నుంచి ఎవరో వెళ్లి తండ్రిని పిలుచుకు రావాలి. కోటపాడు అడిగాడు, టికెట్ పైన పెట్టమంటారా అని. వద్దంటుందని చెప్పాను. వరుస ప్రకారమే కలిపాడు.

"నాయనా, నౌకరి పక్కా అయింది."

అవతల దగ్గు వినిపించింది. దగ్గు ఆగేదాకా ముగ్గురం ఆగాం, ఆమె, నేను, కోటపాడు.

"మళ్లొకపారి చెప్పు బిడ్డా" అన్నాడాయన. "గీడ కొట్టుకాడ అందరున్నరు. ఫోన్ గిట్ల ఎత్తి పడ్తున్న. జరంత గట్టిగ చెప్పు, అందరు వింటరు."